కొసమాట యంత్రం

మా పెళ్ళి సగం వాక్యం మీద కుదిరింది. ఆ సగం ఆయనది, మిగతా సగం నాది.

పెళ్ళిచూపుల రోజు మమ్మల్నిద్దర్నీ మాట్లాడుకోమని డాబా మీదికి పంపించారు. ముక్తేశ్వరరావుగారు పిట్టగోడని చూస్తూ చాలాసేపు నిలబడి, చివరికి గొంతు సవరించుకుని, "మా అమ్మ మాట కాదనలేక వచ్చాను గానీ... చూడండి... నాకు ఈ పెళ్ళి..." అని ఆగారు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. కింద పకోడీలు చల్లారిపోతున్నాయి. "ఇష్టమే, అంతేగా? నాకూ ఇష్టమే. పదండి," అన్నాను నేను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి తలూపారు. ఇది జరిగి ఇరవై రెండేళ్ళయింది.

ఆ రోజు నుంచీ ఆయన వాక్యాలన్నీ నేనే పూర్తి చేస్తూ వచ్చాను. ఆయనకి నత్తి లేదు. ఆలోచించుకుంటూ మాట్లాడతారు, అంతే. మాటకీ మాటకీ మధ్య నేను కాఫీ కలుపుకుని రావచ్చు. నాకు అంత ఓపిక ఎక్కడిది? ఎదుటివాళ్ళు నోరు తెరిస్తే చాలు, ఎక్కడ ఆగుతారో నాకు ముందే తెలిసిపోతుందని నా నమ్మకం. ఈ గుణాన్ని మా పుట్టింట్లో తొందర అనేవారు. కాకినాడలో నేను పనిచేసే భాషాయంత్రాల ప్రయోగశాలలో మాత్రం ప్రతిభ అన్నారు, ఒక గది ఇచ్చి తలుపు మీద 'డాక్టర్ సువర్చల' అని పలక కూడా కొట్టించారు.

ఆ గదిలో పుట్టిందే కొసమాట యంత్రం. బఠాణీ గింజంత ఉంటుంది. చెవిలో పెట్టుకుంటే ఎదుటివాళ్ళ భాష మన భాషలో వినిపిస్తుంది. ఆ మాటకొస్తే అలాంటివి బజార్లో ఇంకా ఉన్నాయి. కానీ తెలుగు దగ్గరికి వచ్చేసరికి అవన్నీ చతికిలబడేవి. ఎందుకంటే మన క్రియ వాక్యం చివర్న కూర్చుంటుంది. "అత్తయ్యగారికి, అన్నం తిన్నాక, ఆ నీలం డబ్బాలో ఉన్న మందు" అన్నంతవరకూ విన్నా, ఆ మందు ఇవ్వాలో, ఇవ్వకూడదో, ఇచ్చేశారో దేవుడికే తెలియాలి. అప్పటిదాకా అనువదించేవాడు నోరు కట్టుకుని కూర్చోవలసిందే.

చాలా భాషలకి క్రియ ముందే కావాలి. మడగాస్కర్ వాళ్ళ మలగాసీ భాషకైతే మరీ మొట్టమొదటే కావాలి. మనం "పిల్లి పాలు తాగింది" అంటాం. వాళ్ళు "తాగింది పాలు పిల్లి" అంటారు. మన వాక్యాన్ని అద్దంలో చూసినట్టే. అంటే మనది పూర్తయితే గానీ వాళ్ళది మొదలే కాదు.

"చివరిమాట ముందే కనిపెట్టేస్తే సరి," అన్నాను ఏడేళ్ళ కిందట.

"అందరూ నీలాగే జోస్యాలు చెబుతారనుకున్నావా?" అంది అస్మత్. తను నాతో పాటు చేరిన శాస్త్రజ్ఞురాలు. నా మొహం మీద నిజం చెప్పే మనిషి ఆ భవనంలో తనొక్కతే.

"మనుషులెందుకు? యంత్రం చెబుతుంది."

యంత్రానికి నేర్పడానికి వాక్యాలు కావాలి కదా. సగం వాక్యం, దాని పక్కన దాని ముగింపు, అలా జతలు జతలుగా కావాలి. అలాంటివి మా ఇంట్లో దొరికినన్ని భూప్రపంచంలో ఎక్కడ దొరుకుతాయి? భోజనాల బల్ల మీద మైకు పెట్టి మూడు నెలలు రికార్డు చేశాను. ఆయన మొదలుపెట్టేవారు, నేను పూర్తి చేసేదాన్ని, ఆయన తలూపేవారు. పరీక్షలో యంత్రం జోస్యం నూటికి తొంభై ఏడు సరిపోయింది. ప్రయోగశాలలో లడ్డూలు పంచాం. ఎవరి మాటతో సరిపోయింది అని ఒక్కరూ అడగలేదు, నాతో సహా.

మా ఆయనకి ఉప్పాడ దాటాక సముద్రపు ఒడ్డున ఒక హేచరీ ఉంది. రొయ్య పిల్లల్ని పొదిగించి చెరువుల వాళ్ళకి ఇస్తారు. పెద్ద వాన పడితే చెరువులో ఉప్పు పలచబడి రొయ్యలు చచ్చిపోతాయి. అలా పడిన ప్రతిసారీ బతికి బయటపడ్డ నాలుగింటిని ఏరి తెచ్చి, వాటి పిల్లల్ని పెంచి, మళ్ళీ అందులో గట్టివాటిని ఏరి, ఇలా మూడేళ్ళుగా ఒక కొత్త రకాన్ని తయారు చేస్తున్నారు. ఆ పిల్లలన్నీ నాలుగో ట్యాంకులో ఉన్నాయి. ఆయన ఆ ట్యాంకు దగ్గరికి వెళ్ళేటప్పుడు చెప్పుల చప్పుడు కూడా తగ్గించేస్తారు.

ఆ పిల్లల్ని సాకడానికి మడగాస్కర్ నుంచి నైవో అనే నిపుణుడు ఆరు నెలల కోసం వచ్చాడు. పొడవాటి మనిషి, ఎప్పుడూ నవ్వు మొహం. అతనికి వచ్చినవి మలగాసీ, ఫ్రెంచి. మన వాళ్ళకి ఆ రెండూ రావు. నా యంత్రానికి ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంటుంది? అందరి చెవుల్లోనూ బఠాణీలు పెట్టించాను.

మొదటి రెండు వారాలూ పండగే. ఇటు వాళ్ళు మాట మొదలుపెట్టడం, అటు నైవో పనిలోకి దిగడం.

"నైవోబాబు కిందటి జన్మలో మనూరోడే అయ్యుంటాడండి," అంది నూకరత్నం. హేచరీలో పనివాళ్ళందరికీ తనే పెద్ద. "నా నోట్లో మాట నోట్లో ఉండగానే చేసేత్తన్నాడండి!"

నైవో అన్నది నా చెవిలో తెలుగులో వినిపించింది. "మీరు నోరు తెరిస్తే చాలు, నాకు పని తెలిసిపోతోంది. మా ఆవిడ కూడా ఇంత తొందరగా పని చెప్పదు."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, "అవును గానీ, నేను ఇంకా..." అన్నారు. "నమ్మలేకపోతున్నారు, కదూ?" అన్నాను గర్వంగా. తలూపారు.

మూడో వారం మంగళవారం, ఉదయం పదిన్నర. ఆయన మాకు వీపు పెట్టి, నాలుగో ట్యాంకులోంచి తీసిన నీళ్ళని గాజు బీకరులో పట్టుకుని, కిటికీ వెలుగులో పిల్లల్ని చూస్తున్నారు. నైవో ట్యాంకు దగ్గర ఉన్నాడు. నేను చేతిలో టాబ్లెట్‌తో సెకన్లు లెక్కపెడుతున్నాను.

"నాలుగో ట్యాంకులో నీళ్ళు..." అన్నారాయన.

యంత్రం నైవో చెవిలో "మార్చెయ్యి" అనేసింది. వాళ్ళ భాషలో పనిమాటే ముందు కదా. నైవో శ్రద్ధగల మనిషి. వెంటనే పాత నీళ్ళు పోయే వాల్వూ, కొత్త నీళ్ళు వచ్చే వాల్వూ తిప్పేశాడు. టాబ్లెట్ మీద ఒకటిన్నర సెకను అని పడింది. అప్పటిదాకా వచ్చిన అంకెల్లో అదే తక్కువ. నేను పొంగిపోయాను.

"...పిల్లలు కుబుసం విడుస్తున్నాయి కాబట్టి..." అన్నారాయన, బీకరుని ఇటూ అటూ తిప్పుతూ. "...ఒంటికి బలం వచ్చేదాకా... ఇవాళా రేపూ..."

"ఓర్నాయనో! నీళ్ళండీ! నీళ్ళెళ్ళిపోతన్నాయండీ!" అని నూకరత్నం కేక పెట్టింది.

"...ముట్టుకోవద్దు," అని ఆయన వాక్యం పూర్తిచేసి వెనక్కి తిరిగారు.

వాల్వులు కట్టేశాం గానీ, కుబుసం విడిచిన పిల్లలు మెత్తగా, దూదిలా ఉంటాయి. ఆ కుదుపుకీ, ఉప్పు తేడాకీ తట్టుకోలేకపోయాయి. సాయంత్రానికి సగం ట్యాంకు అడుగున తెల్లగా పేరుకుపోయింది. నైవో తల పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. తన భాషలో ఏదో అంటూనే ఉన్నాడు. "తప్పు నాది, చెయ్యి నాది" అని నా చెవిలో యంత్రం చెబుతూనే ఉంది. నేను దాన్ని తీసి పక్కన పెట్టాను.

మా ఆయన నా దగ్గరికి వచ్చారు. "సువర్చలా, నేను చెప్పింది..."

"నాకు తెలుసండీ, మీరు ముట్టుకోవద్దనే అన్నారు, తప్పంతా యంత్రానిదే," అన్నాను.

ఆయన చెవిలోంచి బఠాణీ తీసి నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆయన నోట్లోంచి మాట రాలేదు.

కోపమైతే నాకు పరవాలేదు. అరిస్తే అరుస్తాను, అలిగితే బతిమాలుతాను. ఇది కోపం కాదు. చెప్పి ఏం లాభం అనుకున్న మనిషి మౌనం. అన్నం పెడితే తింటారు, పిలిస్తే పలుకుతారు, పలకడమంటే తలూపడమే. హేచరీలో నల్లబల్ల మీద సుద్దముక్కతో రెండు ముక్కలు రాస్తారు. అది నైవోకి చదవడం రాదు, బఠాణీలన్నీ నేను ఆ సాయంత్రమే వెనక్కి తీసేసుకున్నాను. నూకరత్నం చేతులు తిప్పి చెప్పబోతే అతను మడుగులో చేపలు పట్టమంటోందనుకున్నాడు. ఇంతలో శనివారానికి అల్పపీడనం, భారీ వర్షం అని రేడియోలో చెప్పారు. మిగిలిన సగం ట్యాంకుకి అదే అసలు పరీక్ష. ఏ నిమిషానికి ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఆయనొక్కరే, చేసే చెయ్యి నైవోది. ఆ ఇద్దరికీ మధ్య మాట తెగిపోయింది.

బుధవారం పొద్దున్నే అస్మత్ నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. "కూర్చో. ఇవి విను," అంది.

రికార్డులో ఆయన గొంతు: "పైన ట్యాంకులో నీళ్ళు..." వెంటనే నా గొంతు: "మార్పించాలి, తెలుసు." ఇంకో రోజు: "ట్యాంకులో నీళ్ళు ఇవాళ..." "మార్పిస్తానన్నానుగా!" మా ఇంటి డాబా మీది ట్యాంకు గురించి అలాంటివి పదకొండు ఉన్నాయి. యంత్రం నేర్చుకోక ఏం చేస్తుంది?

"ఇది కాదు అసలు సంగతి," అంది అస్మత్. "నాలుగువేల రెండొందల వాక్యాలున్నాయి. ఒక్కదాంట్లోనూ మీ ఆయన క్రియ లేదు. అన్నీ నీవే. మన యంత్రం తొంభై ఏడు మార్కులు తెచ్చుకుంది ఆయన్ని కనిపెట్టి కాదు. నిన్ను కనిపెట్టి."

"ఆయన తలూపారుగా!"

"ఊపకపోతే ఏం చేస్తాడు పాపం? ఇంకొకటి విను. మనం వాక్యం అయిపోయిందనుకుని కత్తిరించి పారేసిన ముక్క."

ఆయన గొంతు: "ఈ వంకాయ కూర..." నా గొంతు: "బాగుంది కదా! ఉండండి, ఇంకొంచెం తెస్తాను." నా అడుగుల చప్పుడు వంటింటి వైపు వెళ్ళిపోయింది. తరవాత మైకుకి మాత్రమే వినిపించేంత చిన్నగా ఆయన గొంతు: "...ఉప్పెక్కువైంది."

నేను పకపకా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. ఎన్ని వాక్యాలు అలా ఖాళీ కుర్చీకి చెప్పుకున్నారో ఈ మనిషి! అస్మత్ తన రుమాలు నా ముందు పెట్టింది.

ఆ మధ్యాహ్నం హేచరీకి వెళ్ళాను. ఏం చెయ్యాలో తోచక, వడపోత సంచులు ఉతుకుతున్న నూకరత్నం పక్కన కూర్చున్నాను. తను తోడికోడలితో జరిగిన గొడవ చెప్పడం మొదలుపెట్టింది. "మా ఆడబిడ్డొచ్చి, కోడిని కొయ్యమని అడిగి, ఇదేమో పొయ్యి కాడ నిలబడి..." అక్కడ ఆపేసి నావైపు చూసింది.

"ఏంటండీ డాక్టరమ్మగారూ, ఊ కొట్టరేంటండీ?"

"వింటున్నాను నూకరత్నం."

"ఇంటన్నారో నిద్దరోతన్నారో నాకేం తెలుత్తదండీ? ఊ కొడితే మాట నడుత్తదండి. లేపోతే గోడకి చెప్పుకున్నట్టుంటది. మీ మిషను కూడా ఇంతేనండి. అన్నీ దానికే తెలుసున్నట్టు ముందుకురికేత్తది గానీ, ఒక్కసారైనా ఊ కొట్టిందాండీ? ముందు అది నేర్పండాయ్!"

నేను అక్కడే ఆ తడి సిమెంటు మీద లేచి నిలబడ్డాను. "మీ తోడికోడలి సంగతి తరవాత వింటాను, ఊ కొట్టి మరీ వింటాను," అని కారు వైపు పరిగెత్తాను.

అస్మత్, నేనూ కలిసి యంత్రంలోంచి జోస్యం మొత్తం పీకేశాం. ఇప్పుడది ఆగుతుంది. మాట్లాడేవాళ్ళు మధ్యలో ఆగినప్పుడల్లా వాళ్ళ చెవిలోనూ, వినేవాళ్ళ చెవిలోనూ ఒక్కసారే "ఊ" అంటుంది. నేను వింటున్నాను, కానివ్వండి అని ఇటు. ఇంకా ఉంది, చెయ్యి కదపకు అని అటు. కొసమాట పడ్డాకే అవతలి భాషలో వాక్యం మొదలవుతుంది.

డైరెక్టరుగారు తల బాదుకున్నారు. "ఏడేళ్ళ కష్టం తీసేసి ఊ పెట్టావా? ఒకటిన్నర సెకను కాస్తా పది సెకన్లయింది. ఇంత నిదానమైన యంత్రాన్ని ఎవరమ్మా పెట్టుకుంటారు?"

"మా ఆయన పెట్టుకుంటారండి," అన్నాను. నా ఏడేళ్ళూ పోయినందుకు లోపల కలుక్కుమనలేదంటే అబద్ధం. కానీ ఆ వంకాయ కూర ముక్క నా చెవిలో ఇంకా మోగుతోంది.

శుక్రవారం ఉదయం ఆకాశం మూసుకొచ్చింది. కొత్త బఠాణీ ఆయన ముందు పెట్టి, "మీరు చెప్పండి. నేను నోరెత్తను. ఒట్టు," అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడంలో న్యాయం ఉంది. అందుకని అందరి ముందూ చీరకొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాను. నూకరత్నం కిసుక్కున నవ్వింది. ఆయన పెదవులు కూడా కదిలినట్టే అనిపించింది. యంత్రం చెవిలో పెట్టుకున్నారు.

"రేపు వాన పడి..." అన్నారు. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఊ," అంది యంత్రం.

ఆయన ఉలిక్కిపడి నావైపు చూశారు. నేను కొంగు చూపించాను.

"కాలవల నీళ్ళు సముద్రంలో కలిసి, మనకొచ్చే నీళ్ళలో ఉప్పు సగానికి దిగితే..."

"ఊ."

"పిల్లలు మేత మానేసి, అడుక్కి పోయి, కదలకుండా పడుంటే..."

"ఊ."

"అవి చచ్చిపోయాయనుకుని..." ఆగారు. భయపడొద్దు! అని నా కొంగు వెనకాల నుంచి మాట తన్నుకొస్తోంది. ఆయన తీరిగ్గా కిటికీ వైపు చూసి, మీసం దువ్వుకుని, "నీళ్ళు తోడెయ్యకుండా, మందులు పొయ్యకుండా, గాలి మాత్రం రెండింతలు పెంచి, ఒక్క గంట..."

కాపలా కాయాలి, అనుకున్నాను.

"...వాటి మానాన వాటిని వదిలెయ్యాలి," అన్నారు.

ఒక్క వాక్యంలో రెండుసార్లు ఓడిపోయాను. ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు ఓడిపోయి గెలిచాననుకున్నానో!

నైవో చెయ్యి జేబులోనే ఉంది. మొత్తం విన్నాక, 'వదిలెయ్యాలి' దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి వాన దాకా అప్పజెప్పాడు. ఒక్క ముక్క తప్పు పోలేదు. "మా ఊళ్ళో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే చివరిదాకా వినాలి. మీ దగ్గర అలా ఉండదేమో అనుకున్నాను," అన్నాడు. నాకు సిగ్గేసింది.

ఆ రోజంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. మూడు రోజులవా, ఇరవై రెండేళ్ళవా అన్నట్టు మాట్లాడారు.

శనివారం పొద్దున వాన విరుచుకుపడింది. పది గంటలకి నీళ్ళలో ఉప్పు సగానికి దిగింది. పిల్లలు ఒక్కొక్కటే అడుక్కి పోయి పడుకున్నాయి. "పోయాయండీ, పోయాయి," అని నూకరత్నం కళ్ళొత్తుకుంది. నైవో గాలి పెంచి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నాకైతే ఏదో ఒకటి చెయ్యమని అరవాలనిపించింది. అరవలేదు. నలభై నిమిషాలు. యాభై. గంట దాటి మూడు నిమిషాలైంది. అడుగున ఒకటి కదిలింది. దాని పక్కది కదిలింది. చూస్తూ చూస్తూ ఉండగానే మసకమసగ్గా ఒక పొరంతా పైకి లేచి మేత కోసం తిరగడం మొదలుపెట్టింది. నైవో మా ఆయన్ని అమాంతం ఎత్తేశాడు. ఆయన గాల్లో కాళ్ళాడిస్తూ, "నన్ను కిందికి... నా కళ్ళజోడు..." అంటున్నారు. యంత్రం నైవో చెవిలో బుద్ధిగా "ఊ, ఊ" అంటూ క్రియ కోసం ఎదురుచూస్తోంది. కళ్ళజోడు ట్యాంకులో పడింది.

మధ్యాహ్నానికి వాన వెలిసింది. హేచరీ వసారాలో ఇద్దరం క్యారేజీ విప్పుకున్నాం. ఆయన చెవిలోంచి బఠాణీ తీసి నా పక్కన పెట్టారు. "ఇప్పుడిది అక్కర్లేదనుకుంటాను," అన్నారు. ఒక ముద్ద తిని, "ఈ వంకాయ కూర..." అన్నారు.

"ఊ," అన్నాను.

"...ఉప్పు చాల్లేదు."

"పోనీలెండి, ఎక్కువ కాలేదుగా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. "పెళ్ళిచూపులనాడు డాబా మీద, మా అమ్మ మాట కాదనలేక వచ్చాను గానీ నాకు ఈ పెళ్ళి, అన్నానే..."

"ఊ."

"దాని తరవాత నేను అనాలనుకున్నది..." దూరంగా అలల వైపు చూశారు. నేను ఆగాను. "...ఇష్టం లేదని."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఇరవై రెండేళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"ఊ కొట్టు," అన్నారాయన. "ఇంకా ఉంది."

"ఊ," అన్నాను. అది నాకే వినిపించలేదు.

"ఆ మాట దారి పొడుగునా కంఠతా పెట్టుకుని వచ్చాను. నువ్వు నీ ముగింపు పెట్టేశావు. మెట్లు దిగుతూ నాదీ నీదీ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే..."

"ఊ."

"...నీదే బాగుంది. అందుకని నాది చెప్పలేదు."